రెండు కలిపే ల్యాబ్

నేను ఒక థర్మామీటర్ని. జ్వరమొచ్చినవాడి చంకలో దూరే పొట్టి జాతి కాదు. జానెడున్నర పొడుగు గాజు ఒళ్ళు, అడుగున పాదరసం బుడ్డి, ఒంటినిండా గీతలు. రెండు వందల యాభై డిగ్రీల దాకా తట్టుకుంటాను. జ్వరం చూసే మా దాయాదులు వాళ్ళ ఫారెన్‌హీట్ లెక్కలో నూట నాలుగుకే ఇల్లంతా హడలెత్తిస్తారు. నేను నూట డెబ్బైలో నూనెలో మునిగి కూడా నోరు మెదపను. నాకు చేతనైన పని ఒక్కటే. ఎంత వేడుంటే అంతే చెప్పడం. ఈ మాత్రం గుణానికి లోకంలో ఎంత అనుమానం పుడుతుందో జీడిమెట్లకు వచ్చాకే తెలిసింది.

అంబాలాలో ఒక ఇరుకు సందులో, గాజు ఊదే ఒక ముసలాయన ఊపిరితో పుట్టాను. సన్నని గొట్టం కొసను మంటలో కరిగించి బుడ్డి చేశాడు, పాదరసం ఎక్కించాడు, పైన మూతి మూశాడు. నలిపిన మంచుగడ్డలో ముంచి, పాదరసం ఆగినచోట గీత గీసి సున్నా అన్నాడు. మరిగే నీటి ఆవిరిలో పెట్టాక మాత్రం వెంటనే గీయలేదు. గోడకు వేలాడే గాలి ఒత్తిడి చూసే పరికరం కేసి ఓసారి చూసి, పెదవులు కదిలిస్తూ ఏదో లెక్క వేసుకుని, అప్పుడు గీశాడు. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను.

అక్కడినుంచి గడ్డిలో చుట్టుకుని వరంగల్లో ఒక కాలేజీకి వెళ్ళాను. ఆ పిల్లల సంగతి చెప్పకుండా ఉంటేనే మర్యాద. థర్మామీటరుతో దేన్నీ కలపకూడదని మాస్టారు రోజూ చెప్పేవారు, వాళ్ళు రోజూ నాతోనే కలిపేవారు. టీలో చెంచా తిప్పినట్టు తిప్పేవారు. వేడి నూనెలోంచి తీసి తిన్నగా కుళాయి కింద పెట్టబోయినవాడు కూడా ఉన్నాడు. పెట్టి ఉంటే నేను అక్కడే పగిలి చచ్చేదాన్ని, ఈ కథ మీకు తప్పేది. ఆ కాలేజీలో కెమిస్ట్రీ ఎత్తేశారు. నేను కోఠీలో ఒక దుకాణం గాజు బీరువాలోకి, అందులోంచి జీడిమెట్లలో ఒక చిన్న మందుల ఫ్యాక్టరీకి చేరాను.

ఆ ఫ్యాక్టరీలో జ్వరం మాత్రలకు కావలసిన తెల్లపొడి చేసేవారు. పొడి శుభ్రంగా ఉందో లేదో తేల్చే ల్యాబుకు పెద్ద సింహాచలం గారు. విశాఖలో చాలాకాలం పనిచేసి వచ్చినాయన. మంచివాడే, కాని తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కొత్త థర్మామీటర్ ఏది వచ్చినా ముందు మరిగే నీళ్ళలో ముంచి చూడడం ఆయన అలవాటు. మంచి అలవాటే. నన్నూ ముంచారు. నేను తొంభై ఎనిమిది అన్నాను.

ఆయన బల్లమీద అట్టలూడిన లావుపాటి హ్యాండ్‌బుక్ ఒకటి ఉండేది. ఏ పదార్థం ఎక్కడ కరుగుతుందో, ఎక్కడ మరుగుతుందో అందులో ఉంటుంది. నీళ్ళకు ఎదురుగా వంద అని ఉంది. ఆయన పెదవి విరిచారు.

"నాకు తెల్దేటి! ఈ ఊళ్ళో అమ్మేవన్నీ ఇంతే. విశాఖలో ఏది ముంచినా వందే సూపించేది. ఇక్కడికొచ్చాక ఒక్కటీ వంద సూపించదు. దీనిక్కూడా రెండు కలపండి."

పుస్తకంలో ఆ వంద కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. సముద్రమట్టం దగ్గర అని. అది చదవడానికి కళ్ళజోడు మార్చాలి, ఆయన మార్చలేదు. హైదరాబాదు సముద్రం ఒడ్డున లేదు కదా. ఇక్కడ ఎత్తు ఎక్కువ, గాలి ఒత్తిడి తక్కువ, నీళ్ళు తొంభై ఎనిమిదికే మరిగిపోతాయి. నేను చెప్పింది నిజం. నాకు ముందు వచ్చిన మావాళ్ళంతా చెప్పిందీ నిజమే, పాపం! అంబాలా ముసలాయన గోడకేసి ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది, కాని చెప్పడానికి నాకు నోరేదీ?

అలా ఆ ల్యాబులో రెండు కలపడం ఒక ఆచారమైంది. కొత్తగా చేరినవాళ్ళు కారణం అడిగేవారు కారు, తలా ఒకటి ఊహించుకునేవారు. నూనెకు పైన మిగిలిన నా ఒళ్ళు చల్లగా ఉంటుంది కాబట్టి దానికి దిద్దుబాటని ఒకావిడ నమ్మింది. నూనె పాతదని ఒకాయన. యజమాని ఆఫీసుకు తొమ్మిదికొస్తానన్నా ల్యాబువాళ్ళు రెండు కలిపి పదకొండని లెక్కేసుకునేవారు. ఆ లెక్క మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

మీకు మా పని చెప్పాలి. వెంట్రుకంత సన్నని గాజు గొట్టంలో చిటికెడు పొడి పోసి, నా బుడ్డికి ఆనించి కట్టి, నూనెలో దించి మెల్లగా వేడి చేస్తారు. పొడి కరిగి నీరైనప్పుడు నేనెంత చూపిస్తే అదే దాని అంకె. ఆ మందు నూట అరవై ఎనిమిదికీ నూట డెబ్బై రెండుకీ మధ్య కరిగితే పాస్, బయటికి పోతే ఫెయిల్. మామూలు సరుకు నూట అరవై తొమ్మిదికి కరిగేది. వీళ్ళు డెబ్బై ఒకటని రాసుకునేవారు. పాసే కాబట్టి ఎవరికీ ఏ బెంగా లేదు.

బెంగ ఎల్లేశంతో మొదలైంది. పొడి తయారుచేసే విభాగం అతనిది. వేడి నీళ్ళలో పొడిని కరిగించి, వడకట్టి, చల్లారిస్తే గింజకడుతుంది. తొందరపడి చల్లారిస్తే మురికి కూడా గింజల్లో ఇరుక్కుంటుంది. ఎల్లేశం పంతం పట్టి, ఓపిగ్గా, మెల్లగా చల్లార్చడం మొదలుపెట్టాడు. ముత్యంలాంటి పొడి వచ్చింది. నా దగ్గర నూట డెబ్బై ఒకటికి, అంతా ఒక్కసారిగా కరిగింది. అసలు శుభ్రమైన సరుకు అలాగే కరగాలి. వీళ్ళు రెండు కలిపి డెబ్బై మూడని రాసి ఫెయిల్ కొట్టారు. అతను ఇంకా జాగ్రత్తగా చేశాడు. మళ్ళీ ఫెయిల్. యజమాని పిలిచి, ఇంకొక్కటి ఫెయిలైతే ఇంటికి పొమ్మన్నాడు.

ఎల్లేశం మూడో సరుకు సీసా పట్టుకుని ల్యాబుకు వచ్చాడు. ఆ రోజు నాతో పనిచేస్తున్నది స్వరూప. కరీంనగర్ పిల్ల, మాట తక్కువ, చూపు ఎక్కువ.

"చెల్లె, నేను మంచిగ చేసినకొద్దీ ఫెయిలైతున్నది. ఇదేం శాపమో నాకు సమజైత లేదు. ఇల్లు గడవాలె గదా," అన్నాడు.

స్వరూప ముంచింది. నేను డెబ్బై ఒకటి అన్నాను. ఆమె రెండు కలపబోయి ఆగింది. మురికి ఉంటే ఏ పదార్థమైనా తన అంకె కంటే కిందే కరుగుతుంది. పైకి పోదు. ఎంత ఉతికినా బట్ట తన అసలు తెలుపును మించి తెల్లబడదు కదా! డెబ్బై మూడుకు ఎలా కరుగుతుంది? నన్ను పైకి తీసి, వేళ్ళమధ్య తిప్పి, అదే పనిగా చూసింది. ఇన్నాళ్ళకు నన్ను కాకుండా నాకు కలిపిన రెండును అనుమానించిన మనిషిని చూశాను. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎల్లేశాన్ని గేటు బయట చెరుకురసం బండి దగ్గరికి పంపి మంచుగడ్డ తెప్పించింది. దాన్ని నలిపి, కాసిని నీళ్ళు పోసి, నన్ను అందులో నిలబెట్టి సింహాచలం గారిని పిలిచింది.

"సార్, జర మీరే చూసి ఎంతున్నదో చెప్పుండ్రి."

ఆయన వంగారు. పాదరసం సరిగ్గా సున్నా గీతమీద కూర్చుని ఉంది. వెంట్రుకవాసి పైన లేదు, కింద లేదు. ఆయన ఒక కన్ను మూసి చూసి, తల పంకించి, దర్జాగా అన్నారు.

"రెండు."

ఆయన మళ్ళీ చూశారు. మంచుగడ్డను చూశారు. స్వరూపను చూశారు. మంచు రెండు డిగ్రీల దగ్గర కరుగుతుందని తన నోటితోనే అన్నానని అప్పటికి ఎక్కింది. ముందు ఎల్లేశం నవ్వాడు, వెంటనే భయపడి నోరు మూసుకున్నాడు. నేను నవ్వితే పగులుతాను కాబట్టి ఊరుకున్నాను.

"ఏటమ్మా ఇది? మరి మరిగే నీళ్ళలో తొంభై ఎనిమిదేటి?"

"హైదరాబాద్‌ల గంతకే మరుగుతయ్ సార్. ఎత్తు మీద ఉన్నం గదా."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆయన ఊరికే ఒప్పుకోలేదు. నూట ఇరవై రెండుకు కరిగే బెంజోయిక్ ఆమ్లం సీసా తీయించి, తన చేత్తోనే గొట్టంలో నింపి, నన్ను నూనెలోకి దించారు. నూట ఇరవై రెండుకే కరిగింది. కళ్ళజోడు మార్చుకుని హ్యాండ్‌బుక్ తెరిచారు. ఆ చిన్న అక్షరాల కింద వేలు పెట్టి చదివారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నిజం చెప్పొద్దూ, నాకు జాలేసింది.

"ఈ సరుకు పాస్," అన్నారు చివరికి. ఎల్లేశం స్వరూపకు దండం పెట్టాడు. నాకు పెట్టలేదు. మనుషుల తీరే అంత.

కథ ఇక్కడే ఆగితే అందరికీ బాగుండేది. కాని స్వరూప మెల్లగా అంది.

"సార్, మంచి సరుకు తప్పుగ ఫెయిలైందంటే, తక్కువకు కరిగే చెడ్డది తప్పుగ పాసై ఉంటది గదా?"

గిడ్డంగిలో బయటికి పోవడానికి సిద్ధంగా ఉన్న సరుకులన్నిటినీ మళ్ళీ పరీక్షించారు. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది నూట అరవై ఏడుకే కరిగింది. ల్యాబులో దానికి రెండు కలిపి అరవై తొమ్మిదని రాసి పాస్ చేశారు, ఎక్కువ సరుకు తీశాడని ఎల్లేశాన్ని యజమాని అందరి ముందూ మెచ్చుకున్నదీ దానికే. అతను పంతం పట్టకముందు, ఒక్కసారిగా చన్నీళ్ళు వదిలి గబగబా చల్లార్చిన సరుకు అది. పాత రెండు ఫెయిళ్ళూ తప్పని యజమానికి ఇంకా తెలియదు; ఇది ఫెయిలైతే, ఆయన చెప్పిన ఆ ఇంకొక్కటీ ఇదే.

ఎల్లేశం ముఖం పాలిపోయింది. తలుపు దగ్గరగా వేశాడు.

"సార్, మీ కాల్మొక్త. ఇన్నేండ్లు కలిపిండ్రు. ఈ ఒక్కదానికి రెండు కలుపుండ్రి. ఎవలకు ఎరుక?"

నిజమే, ఎవరికీ తెలియదు. పాత అంకె అలాగే ఉంటే సింహాచలం గారి తప్పు కూడా మాసిపోతుంది. ఆయన కలం తీసి, మూత తీసి, అలాగే పట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ రెండు వల్లే నిన్నటిదాకా గుండెలు బాదుకున్నవాడు ఇప్పుడు అదే రెండు అడుగుతున్నాడు!

సింహాచలం గారు భూతద్దం ఎల్లేశం చేతిలో పెట్టారు.

"స్వరూపా, ఇంకోసారి ముంచు. ఎల్లేశం, నువ్వే సూసి సెప్పు. నువ్వేటి సెప్తే అదే రాస్తాను."

నూనె వేడెక్కింది. ఎల్లేశం నా ఒంటికి ఊపిరి తగిలేంత దగ్గరగా వంగాడు. గొట్టంలో పొడి ముందు చెమర్చింది, తర్వాత కుంగింది, చివరికి నీరైంది. అతను నావంక చూస్తూనే ఉన్నాడు. అతని కన్ను నాకు భూతద్దంలో ఇంత పెద్దగా కనబడింది. అందులో నీళ్ళున్నాయి.

"మా బిడ్డకు జరమొస్తే ఇదే పొడి మాత్ర ఏస్త సార్," అన్నాడు, ఎవరూ అడగకుండానే. భూతద్దం బల్లమీద పెట్టాడు. "నూట అరవై ఏడు. రాయుండ్రి."

సింహాచలం గారు నూట అరవై ఏడని రాశారు. కింద ఫెయిల్ అని రాసి సంతకం పెట్టారు. కలం జేబులో పెట్టుకుని లేచి, ఎల్లేశం భుజం పట్టుకున్నారు.

"పద, యజమాని దగ్గరికి. రెండు కలిపింది నాను, నువ్వు కాదు. మాట నాను పడతాను."

ముగ్గురూ వెళ్ళిపోయారు. నన్ను తుడవను కూడా తుడవలేదు. నూనె చల్లారుతుంటే నేనూ మెల్లగా దిగాను. యజమాని గదిలో ఎంత వేడి పుట్టిందో నాకు తెలియదు, అక్కడికి నన్ను తీసుకెళ్ళలేదు.

మర్నాడు పొద్దున, ఫెయిలైన ఆ సరుకునే తిరిగి కరిగించి మెల్లగా చల్లార్చిన పొడి సీసాతో ల్యాబు తలుపు తోసింది ఎల్లేశమే.