పదకొండు లేపనాలు

మా అమ్మాయి రెండేళ్ళు కూర్చుని తయారుచేసిన ఆటలో నేను మొదటి సాయంత్రమే ఆరుసార్లు చచ్చాను. ఆరోసారి ట్యాబ్‌ని సోఫా మీద పడేసి, "ఇది ఆట కాదు, పగ. ఎవరి మీద తీర్చుకుంటున్నావే?" అన్నాను.

అది పెన్సిల్ కొరుక్కుంటూ నా వెనకాలే నిలబడి ఉంది. "ఎక్కడ చిరాకొచ్చిందో చెప్పమ్మా" అంది, ఒళ్ళు మండేంత శాంతంగా.

"మొదలుపెట్టిన దగ్గర్నుంచీ."

చూడ్డానికి ఆట అమాయకంగానే ఉంటుంది. దీపం పట్టుకున్న ఒకామె తొమ్మిదంతస్తుల మేడ ఎక్కాలి. అంతస్తుకి నలుగురైనా అడ్డొస్తారు. కొట్టాలన్నా కాచుకోవాలన్నా కార్డులే దిక్కు. మొదట పది కార్డులిస్తారు. వాటిని కలిపి, విడతకి ఐదు చొప్పున చేతికిస్తారు. ఒకణ్ణి పడగొడితే మూడు కొత్త కార్డులు చూపించి ఒకటి తీసుకోమంటారు, అది మన కట్టలో చేరుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక్కసారి చచ్చామా, కూడబెట్టినవన్నీ పోయి మళ్ళీ కింద నుంచి, అవే పది కార్డులతో మొదలు. తొమ్మిదో అంతస్తులో తాళాలాయన అని ఒక ముసలాడుంటాడట. వాణ్ణి పడగొడితే గెలిచినట్టు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆటని విడుదల చేసే కంపెనీకి పంపించాలి. ఆడి చూడమని ఇచ్చిన పన్నెండుమందిలో తొమ్మిదిమంది సగంలోనే దండం పెట్టేశారు. మా అమ్మాయితో కలిసి పనిచేసే స్నేహితురాలు సులువు చేసేద్దామంటోంది. దీనికి ఇష్టం లేదు. "జన్మలో ఇలాంటివి ఆడని మనిషి ఒక్కరు తాళాలాయన్ని పడగొడితే చాలు, ఇలాగే పంపిస్తా. లేకపోతే తగ్గించేస్తా" అంది. ఆ ఒక్క మనిషినీ ఇంట్లోనే వెతుక్కుంది. ఉద్యోగం మానేసి రెండేళ్ళు ఆ గదిలో కళ్ళు పాడుచేసుకున్న పిల్ల, నా చేతకానితనం వల్ల తన ఆటని తనే చెడగొట్టుకుంటుందంటే నాకు ముద్ద దిగలేదు.

నేను ఆస్పత్రి స్టోర్స్‌లో పాతికేళ్ళుగా పనిచేస్తున్నాను. సూదులు, దూది, గొట్టాలు, గ్లౌజులు, ఏ వార్డు ఏది అడిగినా "లేదు" అన్న మాట నా నోట రాకూడదని నా పట్టుదల. అందుకే ఆటలో కార్డులు చూపిస్తుంటే వదలబుద్ధి కాలేదు. అందులోనూ లేపనం అనే కార్డుంది, గాయాలు మాన్పుతుంది. కనిపిస్తే చాలు, తీసుకున్నాను. మంగళవారం నాలుగో అంతస్తు చేరేసరికి నా కట్టలో పదకొండు లేపనాలున్నాయి. అక్కడొక కుక్క మీదపడింది. చేతికొచ్చిన ఐదు కార్డులూ లేపనాలే. నేను రాసుకుంటూ కూర్చున్నాను, అది కరుస్తూ కూర్చుంది.

"అన్నీ ఇవే వస్తే నేను కొట్టేదెప్పుడే?"

"నువ్వేగా తీసుకున్నావు."

"ఇస్తే తీసుకోనా?"

"వద్దనుకుంటే ఏదీ తీసుకోనక్కర్లేదమ్మా. కింద 'వద్దు' అని బటన్ ఉంది చూడు."

"వద్దనేదానికి ఇవ్వడం దేనికి?"

అది పుస్తకంలో ఏదో రాసుకుంది. నాకు తిక్క రేగి నేనూ ఒక పాత డైరీ తీశాను. ఎన్నో అంతస్తు, ఎవడు చంపాడు, చచ్చేలోపు నేను వాణ్ణి ఎంత కొట్టాను, అన్నీ రాయడం మొదలుపెట్టాను. ఎదుటివాడి సత్తువ అంకెల్లో కనిపించదు, తల మీద ఎర్ర గీతలా ఉంటుంది. మన దెబ్బలకి మాత్రం అంకెలు పడతాయి.

బుధవారం మూడో వార్డు హెడ్ నర్సు రెండు అట్టపెట్టెలు వెనక్కి తెచ్చింది. అత్యవసరానికి మంచం పక్కన పెట్టుకునే ట్రే కోసం నేను ఇరవై రకాలు పంపిస్తే, ఎనిమిది ఉంచుకుని మిగతావి తెచ్చేసింది.

"దగ్గరుంటే పోయేదేముందండీ?" అన్నాను, విసుగ్గా.

"ఊపిరాడని మనిషి ముందు నిలబడ్డప్పుడు, చెయ్యి పెట్టగానే కావలసిందే తగలాలండీ. మీరు ప్రేమగా పంపేవన్నీ పెట్టుకుంటే వెతుక్కోవడంతోనే సరిపోతుంది."

ఈ మాట ఆవిడ పదేళ్ళుగా చెబుతోంది. పదేళ్ళుగా నేను ఆవిడకి పొగరనుకుంటున్నాను. ఆ రోజు మాత్రం పెట్టెలు అరలో సర్దుతూ సర్దుతూ ఆగిపోయాను. నా పదకొండు లేపనాలూ కళ్ళముందు కదిలాయి. సిగ్గేసింది.

సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళయినా కడుక్కోకుండా ట్యాబ్ అందుకున్నాను. మొదటిసారి 'వద్దు' నొక్కేటప్పుడు ప్రాణం ఉసూరుమంది. రెండోసారి కొంచెం తేలికయింది. కట్ట పద్నాలుగు దాటనివ్వలేదు. 'రేకు కవచం' వేసుకుని, ఆ వెంటనే 'ఎదురుదెబ్బ' వేస్తే, కవచం ఎంత మందంగా ఉంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుందని కనిపెట్టాను. ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. నాలుగో అంతస్తు కుక్కని రెండు విడతల్లో పడుకోబెట్టాను. ఏడో అంతస్తులో చచ్చాను. చిత్రంగా, కోపం రాలేదు. ఎందుకు చచ్చానో నాకు తెలుసు.

"టీ చల్లారిపోతోందమ్మా" అంది.

"మాట్లాడకు. ఆ కవచం ఒక విడత ముందే వాడేశాను."

గురువారం తాళాలాయన దాకా వెళ్ళాను. నా దెబ్బల అంకెలన్నీ కలిపితే రెండొందల రెండు. ఎర్ర గీత ఇంకా ఉంది. ముసలి పీనుగ తాళాల గుత్తి ఒక్కసారి తిప్పాడు, నా దీపం ఆరిపోయింది. ట్యాబ్ బోర్లించి వంటింట్లోకి వెళ్ళిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కార్డుల ఆటకి ఏడుపేంటని నామీద నాకే మంటెక్కింది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూసింది.

శుక్రవారం సెలవు పెట్టాను. పదిన్నరకల్లా మళ్ళీ తాళాలాయన ముందున్నాను. ఆయన పడిపోయాడు. తాళాలు గలగలమని మెట్ల మీద జారాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను సోఫాలోంచి లేచి గంతేసినంత పనిచేసి, ఆ ఊపులోనే డైరీ తీసి దెబ్బల అంకెలు కలిపాను. సరిగ్గా రెండొందలు.

మళ్ళీ కలిపాను. రెండొందలే.

"నిన్న రెండొందల రెండుకి చావనివాడు, ఇవాళ రెండొందలకే ఎలా చచ్చాడే?"

అది నేల చూపులు చూసింది. "ఆయన సత్తువలో నలభై తగ్గించా" అంది. "నిన్న నువ్వు ఏడవడం చూడలేకపోయానమ్మా. మా అమ్మే ఏడిస్తే ఇంకెవరాడతారనిపించింది. అందరికీ ఇలాగే పంపించేద్దామనుకున్నా."

స్టోర్స్‌లో పనిచేసేదాని దగ్గర లెక్క దాచడం. దులిపేద్దామని నోరు తెరిచాను. తీరా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"క్యారంబోర్డు గుర్తుందా నీకు?"

తలెత్తింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. ప్రతి ఆటలోనూ నేను రెడ్ కావాలనే తప్పించి దాన్ని గెలిపించేదాన్ని. ఒకరోజు పట్టేసింది. కాయిన్లన్నీ గదంతా విసిరికొట్టి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అడిగింది, నేను గెలవలేనని ముందే అనుకున్నావా అమ్మా అని.

"నేను గెలవలేనని ముందే అనుకున్నావా?" అన్నాను.

అది కుర్చీ లాక్కుని లాప్‌టాప్‌లో ఆ నలభై మళ్ళీ కలిపింది. ట్యాబ్ నా ఒళ్ళో పెట్టింది. నేను కింద నుంచి మొదలుపెట్టాను.

పన్నెండుంపావుకి తాళాలాయన తల మీద గీత వెంట్రుకంత మిగిలింది. నా కవచం చిరిగిపోయింది. ఆయన గుత్తి తిప్పాడు. దీపం ఆరిపోయింది.

ఒంటిగంటకి ఆట పంపించాలి.

"పడగొట్టలేదుగా అమ్మా" అంది మెల్లిగా. "పోనీ ఒక పది తగ్గించనా?"

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను" అని, చివరి విడతలో ఎక్కడ తప్పు చేశానో అప్పుడే తెలిసిపోయి, దాని మొహం కూడా చూడకుండా 'మళ్ళీ' నొక్కాను. మొదటి అంతస్తులో ఒకడు పడగానే లేపనం చూపించారు. వద్దన్నాను. మా అమ్మాయి లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని, ఆటని ఉన్నదున్నట్టుగా పంపించేసింది.