చెప్పుల కాపలా

"పులిహోరలో పల్లీలు దండిగా ఎయ్యే, జగన్నాధం గారు కొత్త పళ్ళు కట్టించుకున్నారు" అన్నాడు తిరుమలరావు, వంటింటి గుమ్మం ఇవతలే నిలబడి.

కొత్త పళ్ళకి పల్లీల పరీక్ష ఎందుకో పద్మకుమారికి అర్థం కాలేదు గానీ మూకుడులో ఇంకో గుప్పెడు పడేసింది. జగన్నాధం గారు శ్రీకాకుళంలో వాళ్ళ వాకర్స్ క్లబ్బుకి అధ్యక్షుడు. ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయ్యాక తిరుమలరావు కూడా ఆ క్లబ్బులో చేరాడు. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నాలుగడుగులు నడిచి నలభై మాటలు మాట్లాడుకోవడం వాళ్ళ పని. ఈ ఆదివారం వ్యాన్ కట్టించుకుని అందరూ దంతవరపుకోట వెళ్తున్నారు. ఎప్పటిదో పాతకాలపు ఊరు, చుట్టూ మట్టి గోడ. చరిత్ర లెక్చరర్ ఉమాశంకర్ దగ్గరుండి నడిపించి చూపిస్తాడు. "అందరూ సతీసమేతంగా రావలెను" అని అధ్యక్షుడు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెట్టిన మర్నాటికల్లా, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నట్టు, సతులందరికీ మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. అధ్యక్షుడి భార్య ఈశ్వరికైతే రెండు మోకాళ్ళూనూ. నొప్పి రాని మోకాళ్ళు ఒక్క పద్మకుమారివే కాబట్టి అందరి పులిహోరా ఆమె నెత్తినే పడింది.

ఆమె కూడా ఆ నొప్పి తెచ్చుకునేదే. కానీ మొన్న తిరుమలరావు సాక్సులు వెతుక్కుంటూ, ఫోను టేబిలు మీద పెట్టి, ఉమాశంకర్ పంపిన వాయిస్ మెసేజ్ పైకి వినిపించాడు. "గోడ మీదే నడుస్తామండీ. ఊరంతా చుట్టి, ఎక్కడ బయల్దేరామో మళ్ళీ అక్కడికే వస్తాం" అన్నాడు ఉమాశంకర్. ఆ మాట పద్మకుమారి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఒక ఊరి చుట్టూ, పూర్తిగా, మధ్యలో ఎవరూ పిలవకుండా. తరుగుతున్న బెండకాయలు పక్కన పెట్టి "నేనూ నడుస్తాను బావా" అంది. తిరుమలరావు ఆమెకి మేనత్త కొడుకు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా పిలుపు మారలేదు.

"నడు, ఎవలొద్దన్నారు? నేనేటి నీ కాళ్ళు కట్టేసినానా?" అన్నాడతను. "ముందు పులిహోర సంగతి సూడు."

నిజమే, కాళ్ళు ఎప్పుడూ కట్టెయ్యలేదు. కాకపోతే పద్మకుమారి వెళ్ళని ఊరు లేదు, చూసిన ఊరూ లేదు. పెళ్ళయిన కొత్తలో పూరీ తీసుకెళ్ళారు. గుడి ముందు అత్త గున్నమ్మ చెప్పులు విప్పి, "ఎవలో ఒకలు బయట కూకోవాల కదే. నువ్వు సిన్నదానివి, మల్లీ ఎప్పుడైనా సూడొచ్చు" అంది. పద్మకుమారి కూర్చుంది. ఆ మల్లీ ఇంతవరకూ రాలేదు. బొర్రా గుహల దగ్గర లోపలికెళ్ళేవాళ్ళ సంచులు, బయటికొచ్చేవాళ్ళ ఆకలి చూసుకుంది. అప్పుడు చంకలో నిద్రపోతున్న కూతురు శైలజ బళ్ళో చేరాక, గుహల మీద వ్యాసం రాయాలి చెప్పవే అని తల్లిని అడిగితే, వెదురు బొంగులో కోడిని ఎలా కాలుస్తారో చెప్పింది. శైలజ అదే రాసింది, టీచరు చివాట్లు పెట్టింది. వైజాగులో సబ్‌మెరైన్‌ని ఇసకలోంచి చూసింది. కైలాసగిరిలో రోప్‌వే పెట్టెల అడుగులు కింద నుంచి చూసింది. అందరూ వెనక్కి వచ్చి "ఓలమ్మ, ఏటుందే లోపల!" అని చెప్పుకుంటుంటే ఆమె నీళ్ళ సీసాల మూతలు తీసి ఇచ్చేది. ప్రతిసారీ లోపల్నుంచి వస్తూ బావ ఫోను చేస్తాడు. "ఎక్కడున్నావే?" "బయటే ఉన్నాను బావా." ఈ రెండు ముక్కల కోసమే ఆమెకి ఫోను కొనిచ్చినట్టుంది.

ఇందులో ఎవరూ ఆమెని తిట్టిందీ లేదు, కొట్టిందీ లేదు. అందుకే చెప్పుకోడానికీ కుదరలేదు. చెప్పులు చూస్తూ కూర్చోమన్నారని ఏడ్చే ఆడదాన్ని చూసి ఎవరు నవ్వరు? ఆమెకే నవ్వొచ్చేది. నవ్వు అయిపోయాక కోపం వచ్చేది. ఇంటికి చేరేసరికి పొయ్యి వెలిగించాలి కాబట్టి ఆ కోపం రేపటికి వాయిదా పడేది, రేపు ఇడ్లీకి పప్పు నానబొయ్యాల్సి ఉండేది.

వ్యాన్ దిగాక అందరూ కోట కోసం నాలుగు వైపులా చూశారు. తాటిచెట్లు, తుప్పలు, ఎత్తుగా పచ్చటి గట్టు, పురావస్తు శాఖవాళ్ళ బోర్డు కనిపించాయి.

"కోటేది మాస్టారూ?" అన్నారు జగన్నాధం గారు.

"మీ ముందున్నదే కోట సార్! ఈ గట్టే గోడ!" ఉమాశంకర్ నడుముకి స్పీకరు కట్టుకుని, నోటి దగ్గర మైకు తగిలించుకుని ఉన్నాడు. "బుద్ధుడి దంతం ఈ ఊళ్ళోనే ఉండేదని చెబుతారండీ."

దంతం అనగానే అందరూ జగన్నాధం గారి వైపు చూశారు. ఆయన నోరు మూసుకున్నారు.

తిరుమలరావు వెతుకులాట వేరు. సంచులు, సీసాలు, పులిహోర గిన్నె, పద్మకుమారి, వీటన్నిటినీ ఎక్కడ దించాలి? "గేటెక్కడండీ?" అని అడిగాడు. "గేటు పోయి ఎన్ని వందల ఏళ్ళయిందో సార్! అదిగో, ఆ సందు దగ్గర ఉండేదేమో అని ఊహ" అన్నాడు ఉమాశంకర్ సంతోషంగా. తిరుమలరావుకి ఊహ చాలు. ఆ సందు పక్కన ఒక రాయి చూసి, జేబురుమాలుతో తుడిచి, "ఇక్కడ నీడగున్నాది" అన్నాడు ప్రేమగా.

"నేను నడుస్తానన్నాను కదా బావా."

"నడుద్దువు లేయే. మేం ఒక రౌండేసి వస్తాం. తరవాత నువ్వు తీరుబడిగా నడు."

తరవాత వ్యాన్ ఎక్కడమే ఉంటుందని ఇద్దరికీ తెలుసు. రాత్రి వాన పడి గట్టు జారుతోంది, చెప్పులూ బూట్లూ కిందే వదిలి ఎక్కమన్నాడు ఉమాశంకర్. గుడి అలవాటు ఎక్కడికి పోతుంది? అందరూ పద్మకుమారి చుట్టూ వరసగా విప్పేశారు. ఒకాయన అలవాటు కొద్దీ చేతులు కూడా జోడించబోయాడు. "అల్లుడు పంపిన బూట్లమ్మా, కాస్త సూస్తూండు" అన్నారు జగన్నాధం గారు. గుండ్రంగా ఏది కనిపించినా ప్రదక్షిణంగానే తిరగాలని ఆయన పట్టుదల, కాలేజీ గ్రౌండులో కూడా అంతే. అందుకని గట్టెక్కి అందరూ ఎడమ వైపు తిరిగారు. మైకులోంచి కళింగం కాసేపు వినిపించి, తరవాత అదీ తగ్గిపోయింది.

పద్మకుమారి రాయి మీద కూర్చుంది. గట్టుకి అవతల ఏముందో కనపడదు. ఇవతల చెప్పులున్నాయి. ఈ వయసులో కళ్ళలోకి నీళ్ళు రావడం ఏమిటని తననే కసురుకుంటుండగా, నెత్తి మీద గడ్డిమోపుతో ఒకావిడ వచ్చి ఆగింది. చెప్పుల వరసంతా తీరిగ్గా చూసింది.

"ఆ తోలు జోడెంతమ్మా?"

"ఏటి?"

"ఆ నల్ల జోడు. ఎంతకిస్తావు? మా ఇంటాయనకి సరిపోతాదేటో."

"ఓలమ్మ, అమ్మడానికి కాదమ్మా! మావోలవి. కోట సూడ్డానికెల్లారు. నేను ఈటిని సూస్తన్నాను."

గడ్డిమోపావిడ ఆమెని ఒకసారి, చెప్పుల్ని ఒకసారి చూసింది. "ఈటికేటి కాళ్ళున్నాయా, లేసి ఎల్లిపోడానికి? కాళ్ళు నీకున్నాయి" అంది.

పద్మకుమారి తలెత్తి గట్టు వైపు చూసింది. "గట్టు సుట్టూ తిరిగి రావొచ్చా?" అని అడిగింది. "అటెల్లినా ఇటెల్లినా మల్లీ ఈడికే వస్తావు" అని ఆవిడ తన దారిన తాను వెళ్ళిపోయింది.

పద్మకుమారి లేచింది. మళ్ళీ కూర్చుంది. పులిహోర మూత బిగించి ఉందో లేదో చూసింది. మూత మీద పెద్ద రాయి పెట్టింది. తన చెప్పులు కూడా విప్పి వరస చివర పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి గట్టెక్కింది. ఎడమ వైపు వెళ్తే వాళ్ళ వీపుల వెనకాల పడాలి. కుడికి తిరిగింది. అప్రదక్షిణం పాపమేమోనని ఒక్క క్షణం ఆగింది గానీ, లోపల దేవుడు లేడు, చోడి చేలున్నాయి.

మొదట్లో చేతులతో ఏం చెయ్యాలో తెలియలేదు. గజపతినగరం దగ్గర కన్నవారింట్లో ఉన్నప్పుడు ఇలాంటి గట్ల మీద పరుగెత్తేది, కానీ అప్పుడు నెత్తి మీద నాన్నకి అంబలి ముంత ఉండేది. తరవాత చంకలో శైలజ ఉంది, భుజాన సంచులున్నాయి, చేతిలో అత్త చెయ్యి ఉంది. ఒట్టి చేతులతో నడవడం ఇదే మొదలు. చేతులు కాసేపు నడుము మీద పెట్టుకుంది, కాసేపు వెనక కట్టుకుంది, చివరికి వాటి ఇష్టానికి వదిలేసింది. అవి హాయిగా ఊగాయి. ఒట్టి కాళ్ళకి తడిమట్టి పాత చుట్టంలా అనిపించింది. లోపలి వైపు పొలాల్లో ఎవరో కలుపు తీస్తున్నారు. ఇక్కడ వీధులుండేవా, వంటిళ్ళు ఎటు వైపు ఉండేవి, పొగ ఎటు పోయేది అని ఆలోచించుకుంటూ నడిచింది. ఒకచోట వానకి కోసుకుపోయిన మట్టిలో కుండపెంకు కనిపించింది. వంగి చూస్తే అడుగున ఇంకా మసి ఉంది. ఎప్పటిదో ఆమెకి తెలియదు, నిన్నటిదైనా కావచ్చు. ఎవరో ఒకావిడ అంట్లు తోమకుండా వదిలేసి ఎటో వెళ్ళిపోయిందని అనుకుంటే మాత్రం పద్మకుమారికి గొప్ప సంతోషం కలిగింది. పెంకుని ముట్టుకోకుండా ఉన్నచోటే వదిలేసింది. తనకి సంతోషంగా ఉందని పైకే అనుకుంది, "నాకు బాగున్నాది" అని.

క్లబ్బువాళ్ళు అప్పటికి ఎంతో దూరం రాలేదు. తుప్ప తుప్పకీ ఆగి ఉమాశంకర్ చెప్పేది వినడం, వినకుండా షుగరు మాత్రల గురించి మాట్లాడుకోవడం, అరికాళ్ళలో పల్లేరుకాయలు తీసుకోవడం. అలా కూలబడి ఉన్నప్పుడు ఎదురుగా గట్టు మీద ఒక మనిషి చేతులూపుకుంటూ వస్తోంది.

"ఎవలో టూరిస్టులాగుంది" అన్నారు జగన్నాధం గారు.

తిరుమలరావు కళ్ళజోడు సవరించుకున్నాడు. "కాదండీ... మా ఆవిడలాగున్నాది" అన్నాడు నమ్మకం లేకుండా. ఆమె దగ్గరికొచ్చాక లేచి నిలబడ్డాడు. "నువ్వేటే ఇక్కడ? అట్నుంచేటి వస్తన్నావు?"

"గుండ్రంగా ఉన్నాది కదా బావా."

"మరి సెప్పులో?"

"అక్కడే ఉన్నాయి."

"ఎవలు సూస్తన్నారు?"

పద్మకుమారి ఆలోచించి నిజమే చెప్పింది. "నాకు తెలిసీ ఎవలూ సూడ్డం లేదు."

కళింగ యుద్ధం గురించి విన్నప్పుడు రాని విచారం అందరి ముఖాల్లోకీ ఒక్కసారి వచ్చింది. "నా బూట్లు!" అన్నారు జగన్నాధం గారు. "పులిహోర! కుక్కలుంటాయి!" అన్నారింకొకరు. ఎటు దగ్గర, ఎటు దగ్గర అని ఉమాశంకర్ని చుట్టుముట్టారు. "వెనక్కే సార్, మనమింకా పావు వంతు కూడా రాలేదు" అన్నాడతను. అంతే, అధ్యక్షుడే ముందుగా, ప్రదక్షిణం సంగతి మర్చిపోయి, వచ్చిన దారినే లగెత్తారు. అమ్మా, అబ్బా అని పల్లేరుకాయలు దారి పొడుగునా వినిపించాయి.

తిరుమలరావు మాత్రం ఒక్క నిమిషం ఆగాడు. "నీకొప్పసెప్పినాను కదే" అన్నాడు. అతని ముఖం చూస్తే పద్మకుమారికి జాలేసింది. చెడ్డవాడు కాదు బావ. రాయి తుడిచి కూర్చోబెట్టాడు. జన్మంతా అలాగే తుడిచి కూర్చోబెట్టాడు. ఆ జాలికి పరుగెత్తబోయింది కూడా, కానీ కాళ్ళు కదల్లేదు.

"నువ్వెల్లు బావా. నా రౌండింకా అవలేదు."

అతను వెళ్ళాక మైకుతో ఉమాశంకర్ ఒక్కడే మిగిలాడు. "చెప్పాల్సింది చాలా ఉందమ్మా" అన్నాడు దిగులుగా. "సెప్పండి బాబూ, నేనింటాను" అంది. అతను మైకు కట్టేసి మామూలు గొంతుతో చెబుతూ పక్కన నడిచాడు. పద్మకుమారి అన్నీ వింది, ఒక్కటే అడిగింది. "గేటు దగ్గర ఎవలు కూకునేవోలు?"

"కాపలావాళ్ళమ్మా."

"జీతాలిచ్చేవోలా?"

"ఇచ్చే ఉంటారమ్మా."

"మరే, ఇవ్వాల" అంది పద్మకుమారి.

నడిచి నడిచి సందు మీదికి వచ్చారు. ఎక్కడ బయల్దేరిందో సరిగ్గా అక్కడికే. కింద బయటి వైపు చెప్పులన్నీ వరస కూడా చెదరకుండా ఉన్నాయి. క్లబ్బువాళ్ళు పులిహోర గిన్నె చుట్టూ నిలబడి గరిటె కోసం సంచులు కుమ్మరిస్తున్నారు. ఉమాశంకర్ అటు దిగాడు. పద్మకుమారి గట్టు మీదే కాసేపు నిలబడి, అటు చూసింది, ఇటు చూసింది. తరవాత చీర కాస్త ఎత్తి పట్టుకుని ఇటు వైపు, ఊరి వైపు, చోడి చేలలోకి దిగింది. సగం వాలు దిగేసరికి ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?" అన్నాడు తిరుమలరావు.

"లోపలున్నాను బావా."

"లోపలేటున్నాదే? అక్కడేటీ లేదు!"

"ఉన్నాదో లేదో సూసొచ్చి సెప్తాను. నువ్వు సెప్పులు సూస్తూ కూకో."