తొమ్మిది వందల అరవై మీటర్లు

కర్రకి బిగించిన ఇనుప చక్రాన్ని తోసుకుంటూ రోడ్డు అంచున ఆనంద్ పాల్ నడుస్తున్నాడు. మీటరు దాటినప్పుడల్లా పిడి దగ్గరున్న డబ్బాలో అంకె మారుతోంది. ఏప్రిల్ ఎండ. ఖాకీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. పగిలిన కుడి మడమ చెప్పు పట్టీకి ఒరుసుకుని మండుతోంది. రెండు పక్కలా చేపల చెరువులు, మేత వాసన. భీమడోలు నుంచి కొల్లేటి వైపు పోయే ఈ రోడ్డు మీద బస్సు ఎక్కడెక్కడ ఆగాలో తేల్చే పని డిపోవాళ్ళు అతనికి అప్పగించారు. స్టాపుకీ స్టాపుకీ మధ్య కిలోమీటరు కంటే తక్కువుంటే, జనం తక్కువ ఎక్కేదాన్ని ఎత్తెయ్యాలి. ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళకి కిలోమీటరంటే కాగితం మీద ఒక గీత.

యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. టిక్కెట్లు కొట్టాడు, టైములు రాశాడు, ఎవరి మీదా గొంతెత్తలేదు. డిపోలో అందరూ మెత్తని మనిషంటారు. వాళ్ళకేం తెలుసు?

పేట దగ్గర అంకెని సున్నాకి తిప్పాడు. అతను పుట్టింది ఇక్కడే. ఇక్కణ్ణుంచి జగ్గారావు రైసు మిల్లు గేటు దాకా కొలవడం కోసమే ఈ డ్యూటీ అడిగి మరీ వేయించుకున్నాడు.

ముప్ఫై ఏళ్ళ కిందట బస్సు పేటలో ఆగేది కాదు, మిల్లు గేటు దగ్గరే ఆగేది. పేటలో ఆపితే ఆలస్యమవుతుందని అప్పటి ఆఫీసర్లతో చెప్పి జగ్గారావే స్టాపు పడనివ్వలేదు. బస్సేదో తన తాత సొమ్ముతో కొన్నట్టు. పాల్ తల్లి మార్తమ్మది ఆయాసం జబ్బు. వారం వారం ఏలూరు ఆసుపత్రికి వెళ్ళడానికి గేటు దాకా నడిచేది. ఎక్కిన బస్సు మళ్ళీ పేట ముందునుంచే ఆగకుండా పోయేది. ఒకరోజు ఆమె నడక ఆలస్యమై బస్సు అందలేదు. మర్నాటికి మనిషే లేదు. ఆమె పోయిన పదేళ్ళకి పేటలో స్టాపు వేశారు. పాల్ కడుపులో మంట మాత్రం ఆరలేదు, అతను ఆరనివ్వలేదు.

మిల్లు గేటు దగ్గర చక్రం ఆగింది. డబ్బాలో అంకె 1040.

పాల్ దానివైపు చాలాసేపు చూశాడు. వెయ్యి దాటింది కాబట్టి రెండు స్టాపులూ ఉండొచ్చు. ఇన్నేళ్ళు ఎదురుచూస్తే నలభై మీటర్లు అడ్డమొచ్చాయి. కాగితం మీద 960 అని రాశాడు.

మిల్లు మూతపడి నాలుగేళ్ళయింది, గేటు దగ్గర ఎక్కేవాళ్ళూ తగ్గిపోయారు. జగ్గారావు కారూ అమ్ముడుపోయింది. తుప్పుపట్టిన గేటు తోసుకుని అతను బయటికొచ్చాడు. ఎనభై దాటిన ఒళ్ళు, వాచిన పాదాలు.

"ఏవండీ పాల్ గారూ, ఇక్కడ స్టాపు తీసేస్తారంటున్నారు, నిజమేనాండీ?"

ఒకప్పుడు "ఒరేయ్" తప్ప మరో పిలుపెరగని నోరది.

"తీసేస్తున్నామండి."

"వారానికి రెండుసార్లు ఏలూరు వెళ్ళాలండీ, డయాలసిస్‌కి. పేటదాకా నడవలేనండి."

"మా అమ్మ నడిచిందండి. మీరు నడిపించిన నడకే." పాల్ గొంతు మెత్తగానే ఉంది. "ఓసారి నడిచి చూడండి. ఎంత దూరమో మీకూ తెలియాలి కదండీ."

ముసలాయన తల దించుకున్నాడు. అది చూడ్డానికే ఇన్నాళ్ళూ బతికినట్టు పాల్‌కి హాయిగా అనిపించింది. మిగిలిన స్టాపులు కొలుస్తూ మధ్యాహ్నమంతా లోలోపల నవ్వుకున్నాడు. చెరువు గట్టు మీద కూర్చుని తిన్న చల్లారిన పులిహోర కూడా రుచిగానే ఉంది.

సాయంత్రం తిరుగు బస్సు మిల్లు గేటు దాటాక, స్టాపు లేనిచోట ఆగిపోయింది. కల్వర్టు దగ్గర పేట ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. కండక్టర్ విజయదుర్గ దిగి కనుక్కుని వచ్చింది.

"మిల్లు జగ్గారావుగారు పోయారంటండీ. పేటదాకా నడిచి చూస్తానని బయల్దేరారంట. ఇక్కడ కూర్చుని, మళ్ళీ లేవలేదంట. ఇప్పుడే ఆటోలో ఇంటికి తీసుకెళ్ళారు."

పాల్ దిగాడు. సంతోషం కోసం తనలో వెతుక్కున్నాడు. అది మధ్యాహ్నమే అయిపోయినట్టుంది. జాలి కూడా రాలేదు. చొక్కా జేబులో కాగితం ఉంది. దాన్ని తీయలేదు, దిద్దలేదు.

"ఎక్కండి సార్, టైమైపోతోంది," అంది విజయదుర్గ.

బస్సు కదిలింది. కల్వర్టు గోడ మీద సగం తాగిన నీళ్ళ సీసా, పక్కనే జాగ్రత్తగా తీసి పెట్టిన మూత.