పై స్వరం కింద ఆర్గాన్

శనివారం ఉదయం పదకొండు గంటలకు కోదాడలోని ఒక ఫంక్షన్ హాల్లో, కీబోర్డు వాయించేవాళ్లకు పెట్టిన శిక్షణ తరగతిలో, సంపత్ తన వదిన రాణి గొంతును విడిగా వినిపించాడు. రాణి వెనక వరసలో ఉంది. మరిది స్టేజీ మీద మాట్లాడటం చూద్దామని చెప్పకుండా బస్సెక్కి వచ్చింది.

థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత రాణికి పై స్వరం నిలవడం లేదు. చరణం చివర గొంతు విరుగుతుంది. మిర్యాలగూడ చర్చిలోనూ, ఏటా సూర్యాపేట ప్రార్థన కూటంలోనూ ముందు పాడేది ఆమే. గొంతు సంగతి ఆమె పాటకు కీబోర్డు వాయించే సంపత్‌కు ఒక్కడికే చెప్పింది. అతను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆమెతో ఒక్కో చరణం పాడించి రికార్డు చేశాడు. ఎలక్ట్రిక్ పియానో మెట్టు నొక్కగానే వచ్చే సుత్తి దెబ్బ శబ్దం తగ్గించాడు, మాట మీద పడకుండా. వెనక ఆర్గాన్ పెట్టి, ఆమె గొంతుకు దగ్గరయ్యేదాకా తెర మీద నాదాన్ని పెంచే, తగ్గించే బార్లు ఒక్కొక్కటీ లాగుతూ నెడుతూ విన్నాడు. పై స్వరం దగ్గర కాలితో పెడల్ తొక్కితే ఆర్గాన్ లేస్తుంది. గొంతు ఎక్కడ ఆగిందో జనానికి తెలియదు.

కోదాడలో అతను చూపించింది అదే. ముందు ఆర్గాన్ ఆపాడు. స్పీకర్లలో రాణి గొంతు విరిగింది. మిర్యాలగూడ అక్క కదండీ అని ఒకతను పక్కవాడిని అడిగాడు. సంపత్ ఆర్గాన్ కలిపాడు. చప్పట్లు కొట్టారు. ఇంకోసారి ఆపి వినిపించమన్నారు. వినిపించాడు.

మెట్ల దగ్గర ఆమెను చూసి, తిన్నావా అని అడిగాడు. ఆమె మెట్లు దిగసాగింది.

"నీ పేరు యాడ తీయలే వదినె," అన్నాడు.

"పేరెందుకురా? నా గొంతు తెల్వనోళ్లు ఎవలున్నరు గీడ?"

"నేర్సుకునేటోళ్లకు ఒకటి సూపియ్యాలె గద."

"దాసిపెట్టమని నీకిస్తి. స్పీకర్ల పెట్టినవ్."

గురువారం సూర్యాపేట కూటం నడిపే పాస్టర్ దావీదు ఫోన్ చేసి ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. సూర్యాపేటలో ఈసారి విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆపరేషన్ అయి రెండేళ్లయిందని రాణి చెప్పింది. మాకిప్పుడే తెలిసిందమ్మా అన్నాడాయన.

ఆదివారం సూర్యాపేటలో రాణి బదులు కవిత అనే అమ్మాయి పాడింది. సంపత్ వాయించాడు. కవిత గొంతుకు అక్కర్లేదని ఆర్గాన్ తీసేశాడు. ఎలక్ట్రిక్ పియానో ఒక్కటే వినిపించింది.