ఇద్దరికీ ఒకటే షార్ట్‌కట్

దేవానందం కళ్లు రాతప్రతి మీద, వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. "కొ" అని కొట్టి ట్యాబ్ నొక్కాడు. రచయిత పేరు, పుస్తకం, సంవత్సరం వరుసగా తెర మీద వచ్చి పడ్డాయి. పేజీ సంఖ్య ఒక్కటి చేత్తో చేర్చి ముందుకు సాగాడు.

యాభై ఎనిమిదేళ్లవాడు. పలచటి ఒళ్లు, కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. రోజూ నాచారం నుంచి ఉప్పల్‌కు బస్సులో వచ్చి, కరుణాకర్ డీటీపీ షాపులో పీహెచ్‌డీ గ్రంథాలు టైపు చేస్తాడు. ముప్పై ఏళ్లలో ఎందరినో డాక్టర్లను చేశాడు గాని తాను ఇంటర్ గడప దాటలేదు. ఒకప్పుడు ప్రతి ఉల్లేఖనకూ వెనక జాబితాకు వెళ్లి, వెతికి, తెచ్చి అతికించేవాడు. నిరుడు వీడియోలు చూసి చూసి, టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఎడిటర్‌ను తన చేతికి అనువుగా మలుచుకున్నాడు. ఒక్కో రచయితకు ఒక్కో అక్షరం షార్ట్‌కట్. ఇక తెర చూడాల్సిన పనే లేదని అందరికీ చెప్పుకునేవాడు.

పదకొండింటికి ఉదయశ్రీ ఫోన్ చేసింది. చిల్కానగర్ అమ్మాయి. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల మీద తొమ్మిదేళ్లుగా పరిశోధన చేస్తోంది.

"అన్నా, యూనివర్సిటీల నాలుగింటికి కౌంటర్ బంద్ జేస్తరంట. రెండుసార్లు గడువు పెంచిన్రు, ఇగ పెంచరు. ఇయ్యాల ఇయ్యకుంటే తొమ్మిదేండ్లు నీళ్లల్ల వోసినట్టే."

"ఫికర్ జేయకమ్మా. ఆఖరి చాప్టర్‌ల ఉన్న. మూడింటికల్ల బైండింగ్ జేపిస్త."

ఫోన్ పెట్టి తెర వంక చూశాడు. రాతప్రతిలో కొమురెల్లి, తెర మీద కొండల్‌రావు. పై పేజీలకు వెళ్లాడు. అక్కడా కొండల్‌రావే. మూడో అధ్యాయంలో కొండల్‌రావు పుస్తకం కొత్తగా వచ్చినప్పుడు అలవాటు కొద్దీ "కొ" ఇచ్చేశాడు. అది అప్పటికే కొమురెల్లికి ఇచ్చానన్న సంగతి గుర్తులేదు. ఎడిటర్ మారు మాట్లాడకుండా పాతాయన్ని లేపి కొత్తాయన్ని కూర్చోబెట్టింది. తెర చూడనని గొప్పలు పోయినందుకు తగిన శాస్తే జరిగింది.

మొత్తం అరవై ఒక్క చోట్ల. అన్నీ ఒక్క దెబ్బన మారుద్దామంటే, కొన్నిచోట్ల నిజంగానే కొండల్‌రావు ఉన్నాడు. ఏది ఎవరిదో చెప్పగలిగేది రాతప్రతి ఒక్కటే.

"గంత లోపటికి ఎవ్వరు సూస్తరన్నా? ప్రింట్ కొట్టు," అన్నాడు కరుణాకర్.

"రేపు వైవాల అడిగితే ఆ పిల్ల ఏం జెప్తది? ఒకాయన మాట ఇంకొకాయన నోట్ల వెట్టినవంటరు. తప్పు నాది, పేరు పోయేది ఆమెది."

కాగితం కాగితం తిప్పుతూ ఒక్కొక్కటే సరిచేయసాగాడు. ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా తడిసిపోయింది. మధ్యలో భార్య ఎలిజబెత్ ఫోన్.

"పొద్దుగాల ఛాతిల పట్టేసినట్టున్నదంటివి. దవాఖానకు పోదాం రారాదు."

"గ్యాసే తియ్. ఐదింటికి వస్త, అప్పుడు పోదాం."

రెండింటికి ముప్పై ఎనిమిది అయ్యాయి. మూడుకు పది నిమిషాలుండగా అరవై ఒకటీ అయ్యాయి. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు. ఈలోగా ప్రింటర్ కాగితం మింగి మొండికేసింది. గొణుక్కుంటూనే కరుణాకర్ దాన్ని విప్పి, సరిచేసి, నాలుగు ప్రతులూ తానే బైండింగ్ చేశాడు. మూడు ఇరవైకి ఉదయశ్రీ వాటిని పొట్టకు అదుముకుని ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఆ తొందరలో చూడమంటే ఎలా?

దేవానందం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నాలుగైంది. నాలుగుంబావు అయింది. ఎడమ చెయ్యి లాగుతుంటే కుడి చేత్తో పిసుక్కున్నాడు.

"తీస్కున్నరన్నా!" ఫోన్‌లో ఉదయశ్రీ ఏడుస్తోంది. "రసీదు గిట్ల ఇచ్చిన్రు."

"మంచిదమ్మా," అన్నాడు.

కరుణాకర్ చాయ్ తేవడానికి వెళ్లాడు. దేవానందం ఉల్లేఖనల జాబితా తెరిచాడు. పని పూర్తయిన ప్రతి గ్రంథాన్నీ అందులో చేర్చడం ఆయన అలవాటు. రేపు ఇంకెవరైనా దాన్ని ఉదహరించకపోతారా అని ఆశ.

రెండు చాయ్‌లతో కరుణాకర్ వచ్చేసరికి ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే నిలబడిపోయాడు. ఐదు కాకముందే ఎలిజబెత్ ఫోన్ మోగింది. ఎత్తడానికి కరుణాకర్‌కు ధైర్యం చాలలేదు.

తెర మీద జాబితా తెరిచే ఉంది. ఆఖరి వరుసలో ఉదయశ్రీ పేరు, గ్రంథం పేరు, సంవత్సరం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. వెతికే గడిలో "ఉ" అని ఉంది, ఆ అక్షరాన్ని అంతకుముందు ఇంకెవరికైనా ఇచ్చాడేమోనని వెతికినట్టుంది. ఆమె పేరు పక్కన షార్ట్‌కట్ గడి మాత్రం ఖాళీగా ఉంది.