ఒక్కరోజు ఓనరు

దేవదానం కంప్యూటర్ తెరకు అడ్డంగా చెక్క స్కేలు పెట్టి, ఒక్కో వరుస కిందికి జరుపుకుంటూ చదువుతున్నాడు. బడిపిల్లల స్కేలు అది. అంచు అరిగింది, అంకెలు చెరిగిపోయాయి. ఆఫీసులో మిగిలినవాళ్లంతా కుర్రకారు. మొదట్లో స్కేలును చూసి నవ్వారు, తర్వాత అదీ ఆఫీసు సామానే అనుకున్నారు. ఆయన కొన్ని వరుసలు చదువుతాడు, లేచి కిటికీ దాకా వెళ్తాడు, కింద ఆటోలను చూసి మళ్లీ వచ్చి కూర్చుంటాడు. యాభైకి దగ్గర పడుతున్నా ఆయనకు కుర్చీ అచ్చిరాలేదు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పినన్నాళ్లూ నిలబడే చెప్పాడు. కాలేజీ మూతపడి, కరోనా రోజుల్లో ఇంట్లో ఈ విద్య నేర్చుకున్నాక కూర్చోవడమే ఉద్యోగమైపోయింది.

హనుమకొండ నక్కలగుట్టలో, యాకమ్మ టిఫిన్ సెంటరు పైన, రెండు గదుల ఆఫీసు. క్రిప్టో నాణేలను తనిఖీ చేయడం అక్కడి పని. నాణెం ఎవరు కొనవచ్చు, ఎవరు అమ్మవచ్చు, ఎవరి మాట చెల్లుతుంది అన్నదంతా ఒక ప్రోగ్రాంలో రాసి జనంలోకి వదులుతారు. వదిలాక రాసినవాడు కూడా దాన్ని మార్చలేడు. అందుకే వదలకముందే కన్నం ఎక్కడుందో వెతికిపెట్టే మనిషి కావాలి. ఇంటి గోడలు తట్టి చూసే మేస్త్రీ లాంటివాడన్నమాట.

ఇప్పుడు చదువుతున్నది తోరణం అనే నాణెం. ఖిలా వరంగల్ రాతి తోరణాన్ని బొమ్మగా వేసుకుని హైదరాబాద్ వాళ్లెవరో తెచ్చారు. నిన్ననే అమ్మకం మొదలైంది. తాము తనిఖీ చేసినదీ, వాళ్లు వదిలినదీ ఒకటేనా అని మర్నాడు పోల్చి చూడాలని ఆఫీసు నియమం. ఆ నియమాన్ని పాటించేవాడు దేవదానం ఒక్కడే.

ఓనరు ఎవరో రాసిన వరుస దగ్గర స్కేలు ఆగింది.

అక్కడుండేది పేరు కాదు, అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి ఖాతా నంబరు. దాని తోక ఆయనకు కంఠతా వచ్చు. అది తన పరీక్షల ఖాతా. మళ్లీ చదివాడు. స్కేలు తీసేసి చదివాడు. లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చి చదివాడు. అది తనదే.

ఎలా జరిగిందో కాసేపటికి అర్థమైంది. ఆ మధ్య వాళ్ల ప్రోగ్రాంలో ఒక లెక్క తప్పు దొరికితే తనే సరిచేసి, ఇలా ఉండాలని చూపడానికి పంపాడు. పరీక్షించేటప్పుడు ఓనరు చోట తన ఖాతా పెట్టుకున్నాడు. పంపేముందు దాన్ని తీసేయాలి. తీయలేదు. వాళ్లు కూడా ఒక్కసారైనా చూసుకోకుండా మక్కీకి మక్కీ దించి జనంలోకి వదిలారు.

ఆ ఖాతా తాళంచెవి బల్లమీదే ఉంది. పెన్ డ్రైవంత పరికరం. దాని బొత్తాం నొక్కితేనే ఆ ఖాతా పేరుమీద ఏ పనైనా జరుగుతుంది. భార్య రత్నమ్మ దవాఖాన నుంచి తెచ్చిన తెల్ల ప్లాస్టర్ ముక్క దాని వీపున అంటించి, 'పని కాగానే తీసెయ్యాలి' అని తన చేత్తోనే రాసుకున్నాడు. పంపే ఫైల్లోంచి ఖాతా తీసేయడం మరిచిపోకూడదని రాసుకున్న మాట అది. రోజూ చూసేదాన్ని ఎవరు చదువుతారు?

ఎవరికీ చెప్పకుండా కిందికి దిగాడు. యాకమ్మ అడగకుండానే దోశ వేసిచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"అన్నా, మా అల్లుని ఫోన్ల తోరణం కొన్న. ఇంటి రేకులు మార్పిద్దామని దాసుకున్నయి పెట్టిన. ఉత్తగ ఎవ్వలన్న జెప్తె కొనకపోదును. మీ ఆఫీసోల్లు సూశిండ్రని రాసున్నదట గద. మీ ఆఫీసంటె నువ్వేనాయె."

దేవదానం తుంచిన దోశ ముక్కను మళ్లీ ప్లేటులోనే పెట్టేశాడు. ఆ నాణెంలో ఒక కిటుకు ఉంది. ఓనరు ఎవరి ఖాతానైనా ఆపేయవచ్చు. ఆపితే ఆ మనిషి తన దగ్గరున్నది ఇక అమ్ముకోలేడు. జనమంతా కొన్నాక, అందరినీ ఆపేసి తాము మాత్రం అమ్ముకుని పోయే దారి అది. దేవదానం దాన్ని రిపోర్టులో 'తీవ్ర ప్రమాదం' కింద రాశాడు. హైదరాబాద్ వాళ్లు ఆ కిటుకు తీసేది లేదన్నారు, దొంగలొస్తే ఆపడానికేనట. ఆఫీసు పెట్టిన జాన్సన్ దాన్ని 'గమనిక' కిందికి దించాడు. కాలేజీ మూతపడ్డ ఏడాది గుర్తొచ్చి దేవదానం నోరు మూసుకుని సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని నమ్మి యాకమ్మ కొన్నది.

పైకి వచ్చేసరికి జాన్సన్ ఎదురుచూస్తున్నాడు. ఒకప్పుడు దేవదానం దగ్గర చదువుకున్నవాడే, ఇప్పటికీ సార్ అనే పిలుస్తాడు. హైదరాబాద్ వాళ్లు ఓనరుగా ఏదో చేయబోతే ప్రోగ్రాం ఒప్పుకోలేదట, ఎవరి ఖాతా అని ఆరా తీస్తే ఇక్కడ తేలిందట. జాన్సన్ కోప్పడలేదు. పొరపాటు ఇద్దరిదీ అన్నాడు, తలా కాస్త తప్పు పంచిపెట్టాడు.

"జర ఓనర్ అధికారం వాళ్ల ఖాతాకు మార్చి పంపియ్యున్రి సార్. సాయంత్రం కల్లా కావాల్నంటాండ్రు."

"ఆపే అధికారం తీసేస్తమన్నరా?"

"మల్ల గదే ముచ్చట. వదిలినంక ఎవ్వలు మార్చరాదని మీరే గద పాఠం జెప్పిండ్రు. ఫికర్ జేయకున్రి, వాళ్లు గట్లాంటోల్లు గాదు."

జాన్సన్ చెడ్డవాడు కాదు. ఈ హైదరాబాద్ పార్టీ జారిపోతే కుర్రాళ్ల జీతాలేమిటన్న దిగులు అతని ముఖంలోనే కనబడుతోంది. దేవదానం తల ఊపి తెర ముందు కూర్చున్నాడు. దొంగచేతికి తాళాలు ఇచ్చినట్టవుతుందని ఒకపక్క అనిపిస్తోంది. వాళ్లు దొంగలని ఏమిటి రుజువు అని ఇంకోపక్క. లేచాడు, కూర్చున్నాడు, కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనే తిరిగాడు. చివరికి ఊరికే చూద్దామని ఓనరు పేజీ తెరిచాడు. ఆపవలసిన ఖాతా అన్న గడిలో హైదరాబాద్ వాళ్ల పెద్దమనిషి ఖాతానే రాశాడు. చేతిలోని పరికరం వెలిగి, నొక్కుతారా అని అడిగింది.

బొటనవేలు బొత్తాం మీదే ఉంది. ఒంట్లో ఏదో హుషారు ఎక్కింది. కాలేజీ మూసేసినవాళ్లు, రిపోర్టులో మాట మార్చినవాళ్లు, స్కేలును చూసి నవ్వినవాళ్లు అందరూ ఆ వేలికింద ఉన్నట్టనిపించింది. చాలా బాగా అనిపించింది. అంత బాగా అనిపించినందుకే ఆయనకు భయం వేసింది.

వైరు లాగేసి, పరికరం చొక్కా జేబులో వేసుకుని, బండి తీసి రత్నమ్మ పనిచేసే బస్తీ దవాఖానకు పోయాడు. ఆమె చంటిపిల్లకు సూది వేస్తూనే విన్నది. పిల్ల ఏడ్చి ఊరుకునేసరికి ఈయన కథ కూడా అయిపోయింది.

"నీది గాదు గద. ఇచ్చెయ్" అన్నది.

"ఎవ్వలకు?"

"ఎవ్వలదైతే వాళ్లకు."

"గదే తెలుస్తలేదు. వాళ్లకియ్యబుద్ధి అయితలేదు."

రత్నమ్మ దూది చెత్తబుట్టలో వేసి ఆయన ముఖంలోకి చూసింది. "మరి నువ్వే ఉంచుకుంటవా?"

ఇంకెవరైనా అడిగితే ఛీ ఛీ అనేవాడు. పెళ్లాం దగ్గర అబద్ధం ఆడలేక, గోడమీది టీకాల బొమ్మ చూస్తూ నిలబడ్డాడు. ఇంకో తల్లి పిల్లను తెచ్చింది. రత్నమ్మ ఆ పనిలో పడింది, ఆయన బయటికి వచ్చేశాడు.

తిరుగుదారిలో ఏ సిగ్నల్ దగ్గర ఆగాడో ఆయనకే తెలియదు. ప్రోగ్రాం మారకపోయినా, ఓనరు తన అధికారాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు, లేదా శాశ్వతంగా వదులుకోవచ్చు. వదులుకుంటే ఆ పీట మీద ఇక ఎవరూ కూర్చోలేరు. అప్పుడు నిజంగా దొంగ వచ్చినా ఆపేవాడుండడు. అదీ తెలుసు. హైదరాబాద్ వాళ్లది కాస్తా వాళ్లకు కాకుండా పోతుంది, తన ఉద్యోగం పోతుంది. అదీ తెలుసు. అన్నీ తెలిసినా, ఆఫీసుకు వచ్చి, ఆ రోజులో మొదటిసారి ఆయన కుర్చీలో కుదురుగా కూర్చున్నాడు. జేబులోని పరికరం వైరుకు తగిలించి పేజీ తెరిచాడు, స్కేలు పెట్టి వరుస చదువుకున్నాడు, బొత్తాం నొక్కాడు.

తెరమీద ఓనరు చోట అన్నీ సున్నాలు వచ్చాయి.

జాన్సన్ తలుపు దగ్గరికొచ్చి, పంపారా అని అడిగాడు.

"పంపలే. వదిలేశ్న. ఇగ దానికి ఓనర్ లేడు."

జాన్సన్ తెర దాకా వచ్చి సున్నాలను చూశాడు. పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"నేనేం జెప్పాలె సార్ వాళ్లకు?"

"నేనే జేశ్ననని జెప్పు. నిజమే గద."

"రేపటి సంది మీరు..." అని జాన్సన్ ఆగిపోయాడు. తన సారుతో ఆ మాట అనలేకపోయాడు.

"రాను బిడ్డా" అని దేవదానమే పూర్తిచేశాడు.

సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. స్కేలు, నీళ్ల సీసా, కుర్చీలో మడిచి వేసుకున్న పాత జంపఖానా ముక్క. కుర్రాళ్లు తెరల్లోంచి తల ఎత్తలేదు; రోజూ ఈ వేళకు కిటికీ దాకా వెళ్లే మనిషే కదా అనుకున్నారు.

కింద యాకమ్మ పెనం కడుగుతోంది. ఆయన ఆమె దగ్గర ఆగాడు.

"యాకమ్మా, అమ్ముకోవాల్నంటే ఎప్పుడన్న అమ్ముకోవచ్చు. ఎవ్వలు ఆపరు. పెరుగుతదా తరుగుతదా అంటే మాత్రం నాకు దెల్వది. నేను సూశేది తలుపే, ఇంట్ల ఏమున్నదో నాకు కనవడది."

యాకమ్మకు సగమే అర్థమైంది. రేపు ఇడ్లీ పక్కన పెట్టనా అని అడిగింది. వద్దన్నాడు. బండి తీసి, జంపఖానా ముక్క సీటు మీద వేసుకుని, కాజీపేట వైపు తిరిగిపోయాడు.

జాన్సన్ హైదరాబాద్ ఫోను రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారి ఎత్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదురుగా ఉన్న ఖాళీ బల్లనే చూస్తూండిపోయాడు. పెన్ డ్రైవంత పరికరం ఒకటి బోర్లా పడి ఉంది, వీపున అంచు లేచిన తెల్ల ప్లాస్టర్ ముక్క, దానిమీద గుండ్రటి పంతులు దస్తూరీ: పని కాగానే తీసెయ్యాలి.