ఆ చిరునామా మార్చింది నేనే

దుప్పట్లు మడత పెడుతుంటే మా ఆయన పక్క గదిలోంచి పరుగున వచ్చి, మడతలన్నీ చెదరగొట్టి, నన్నెత్తి గిర్రున తిప్పాడు. "కనిపిస్తున్నాం! మన సర్వర్ అందరి జాబితాల్లోకీ వచ్చేసింది!"

కొత్త కాపురం. ఇద్దరం ఒకే కప్పులో టీ తాగినా చాలు, ఆ రోజంతా నా కాళ్లు నేల మీద ఆనవు. నేనూ కిలకిలా నవ్వేశాను.

మా సర్వర్ బట్టల అలమర పక్కనుండే చిన్న పెట్టె. క్రిప్టో వాలెట్ వాడేవాళ్ల ఫోన్లు, ఖాతాలో ఏముందో ఇలాంటి సర్వర్లనే అడుగుతాయి. సర్వర్లు ఒకదాన్నొకటి వెతుక్కుని పరిచయం చేసుకుంటాయి. నిన్నటిదాకా మాదేమో అందర్నీ చూసేది, దాన్ని మాత్రం ఎవరూ చూసేవారు కాదు. మిగతా సర్వర్లను వెతికే సెట్టింగును మా ఆయన ఆపడం, మళ్లీ పెట్టడం, తల పట్టుకోవడం. నిన్న తను స్నానానికి వెళ్లినప్పుడు నేను ఆ ఫైలు తెరిచాను. 'మేమిక్కడ ఉన్నాం' అని లోకానికి చాటే వరసలో, మహానుభావుడు, మా ఇంటి వైఫైకి తప్ప ఎవరికీ తెలియని చిరునామా రాసి పెట్టాడు! ఊరందర్నీ భోజనానికి పిలిచి, 'వంటింటి పక్క గదికి వచ్చేయండి' అన్నట్టుంది. బయటివాళ్లు చేరగల చిరునామా రాశాను, వాళ్లు లోపలికొచ్చే ద్వారం లాంటి పోర్టు తెరిచాను, సర్వర్ని మళ్లీ స్టార్ట్ చేశాను. మనం చెప్పింది అవతలి సర్వర్లు ఊరికే నమ్మవు. తామే వచ్చి తలుపు తట్టి, మనం పలికితేనే రాసుకుంటాయి. తల తుడుచుకుంటూ వచ్చిన ఆయనకి ఇదంతా చెప్తే, "అబ్బో, ఇంజనీరమ్మా!" అని తడి తువ్వాలు నా నెత్తిన వేశాడు.

ఇప్పుడు సర్వర్లు నడిపేవాళ్ల గ్రూపులో మెచ్చుకోళ్లు. "గురువుగారూ, ఎలా పట్టారు?" అని ఒకాయన. మా ఆయన పైకి చదువుతూ టైపు చేశాడు: "ఓపిగ్గా చూస్తే దొరికింది."

ఎవరి ఓపిక?

అత్తయ్య గుమ్మంలోంచే మురిసిపోయింది. "మావాడు చిన్నప్పట్నుంచీ అంతే, పట్టిన పట్టు వదలడు. అమ్మాయ్, వాడికి ఇంకో కప్పు టీ ఇవ్వు."

ఇచ్చాను. లోపల భగ్గుమంది. ఇంకో ఆడది మొగుణ్ని చూస్తే అసూయ పుడుతుందని విన్నాను గానీ, మొగుణ్నే చూసి కుళ్లుకోవాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు. సంతోషంతో వెలిగిపోతున్న ఆ ముఖం ఎంత ముద్దొస్తోందో! ఆ వెలుగు నాది. ఆ చప్పట్ల బొమ్మలు, 'శభాష్'లు, 'గురువుగారూ'లు ఒక్కొక్కటే తన చేతిలోంచి లాక్కోవాలనిపించింది.

"రేపు పొద్దున వీడియోలో అందరికీ చూపించమంటున్నారు బంగారం," అన్నాడు నా భుజం మీద గడ్డం ఆనించి. "కాస్త పాయింట్లు రాసివ్వవా? నువ్వేం మార్చావో నాకు సరిగ్గా గుర్తులేదు."

నువ్వేం మార్చావో. అంటే మార్చింది నేనేనని గుర్తుందన్నమాట.

తన బుగ్గ మీద ముద్దు పెట్టాను. నిజంగా ప్రేమతోనే.

"రాయను. రేపు వాళ్లకి నేనే చూపిస్తా. మొదటి మాట మాత్రం నువ్వే చెప్పాలి, ఇది చేసింది మా ఆవిడ అని. చెప్పేసి కుర్చీ ఖాళీ చెయ్యి."